లండన్ ఫ్లాట్‌లో గజాలు ఉండవు, ఏళ్ళే ఉంటాయి

హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ ఫ్లాట్ చూడ్డానికి వెళ్తే రేటు అడిగాక వెంటనే వచ్చే ప్రశ్న "యూడీఎస్ ఎన్ని గజాలు?" అని. బిల్డింగ్ పాతబడిపోయినా కింద భూమిలో మన వాటా మనకుంటుంది, రేపెప్పుడో అందరూ కలిసి డెవలప్‌మెంట్‌కి ఇచ్చుకోవచ్చు అనే ధైర్యం. అదే మనవాళ్ళు లండన్ వైపు స్లౌలోనో హౌన్‌స్లోలోనో ఈస్ట్ హామ్‌లోనో ఫ్లాట్ కొంటూ ఆ ప్రశ్న అడిగితే ఏజెంట్‌కి అసలు అర్థమే కాదు, ఎందుకంటే ఇంగ్లండ్, వేల్స్‌లో ఫ్లాట్లు దాదాపు అన్నీ లీజ్‌హోల్డే, భూమిలో గజం కూడా రాదు, గోడలు కూడా నిజానికి మనవి కావు. మనం కొనేది కొన్నేళ్ళ పాటు అందులో ఉండే హక్కు. 99 ఏళ్ళు, 125 ఏళ్ళు, 250 ఏళ్ళు, అదృష్టం బాగుంటే 999 ఏళ్ళు. భూమి, బిల్డింగ్ మొత్తం ఫ్రీహోల్డర్ అనే ఇంకొకరివి, పాత లీజు అయితే వాళ్ళకి ఏటా గ్రౌండ్ రెంట్ (భూమి అద్దె) కట్టాలి, మెయింటెనెన్స్‌కి సర్వీస్ ఛార్జ్ వేరే. మూడు లక్షల పౌండ్లు పోసి కొన్నా కాగితం మీద మీరు అద్దెదారే, టెనెంట్ అనే రాస్తారు. ఇంగ్లండ్ ఒక్కదాంట్లోనే ఇలాంటి ఇళ్ళు దాదాపు 50 లక్షలు ఉన్నాయి.

ఇంత వింత పద్ధతి ఎందుకొచ్చింది అంటే చాలామంది లార్డుల దోపిడీ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, అందులో నిజం ఉంది గానీ అదొక్కటే కాదు. ఇంగ్లిష్ చట్టంలో ఒక పాత చిక్కుముడి ఉంది. సొంత భూమి అమ్మేటప్పుడు "పైకప్పు రిపేర్‌కి నీ వాటా డబ్బులు కట్టాలి" అని షరతు పెడితే అది కొన్నవాడి మీద పనిచేస్తుంది, వాడు ఇంకొకరికి అమ్మేస్తే ఆ కొత్తవాడి మీద పనిచేయదు. 1885లో ఒక కేసులో కోర్టు ఇలా తేల్చింది, 1994లో అప్పటి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ కూడా అదే మాట మీద నిలబడింది. స్థలంలో కట్టిన విడి ఇల్లు అయితే పర్లేదు గానీ ఒకడి నేల ఇంకొకడి సీలింగ్ అయ్యే చోట ఇది కుదరదు కదా, పైనవాడు లీకేజీ బాగుచెయ్యనంటే కిందవాడు ఏం చేస్తాడు. లీజులో రాసిన షరతులు మాత్రం చేతులు మారినా వెంట వస్తాయి, అందుకని ఫ్లాట్ అంటే లీజే అని స్థిరపడిపోయింది. పక్కనే స్కాట్లండ్‌లో ఈ తలనొప్పి లేదు, అక్కడ ఫ్లాట్ కొంటే సొంతమే. ఇంగ్లండ్ కూడా మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లాంటి కామన్‌హోల్డ్ అనే పద్ధతిని 2004 నుంచి పెట్టింది గానీ ఇరవయ్యేళ్ళలో అలా కట్టినవి దేశం మొత్తం మీద ఇరవై కూడా లేవు. బిల్డర్‌కి లీజులో వచ్చిన గ్రౌండ్ రెంట్ అందులో వచ్చేది కాదు, మరి ఎందుకు కడతాడు.

ఇక లార్డుల సంగతి. 1677లో సర్ థామస్ గ్రోవ్‌నర్ అనే ఆయన మేరీ డేవిస్ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకుంటే ఆమె వైపు నుంచి లండన్ అంచున దాదాపు 500 ఎకరాలు కలిసొచ్చాయి, అప్పటికి అవి పొలాలూ చిత్తడి నేలలూ. ఇప్పుడు వాటినే మేఫెయిర్, బెల్‌గ్రేవియా అంటున్నారు. ఆ కుటుంబం ఆ భూమిలో ఎక్కువ భాగం అమ్మలేదు, లీజుకి ఇస్తూ పోయింది, గడువు తీరగానే ఇల్లుతో సహా వెనక్కి వచ్చేది. 1967లో చట్టం తెచ్చి లీజు ఇళ్ళలో ఉన్నవాళ్ళు ఫ్రీహోల్డ్ బలవంతంగా కొనుక్కోవచ్చు అంటే, ఆ కుటుంబానికి పెద్ద అయిన డ్యూక్ ఆఫ్ వెస్ట్‌మినిస్టర్ ట్రస్టీలు మా ఆస్తి హక్కు పోయిందని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్ళి 1986లో ఓడిపోయారు. 1993లో ఫ్లాట్ల వాళ్ళకి కూడా హక్కు ఇస్తే అప్పటి డ్యూక్ ఏకంగా ఆ చట్టం తెచ్చిన కన్సర్వేటివ్ పార్టీనే వదిలేశాడు. ఈ కథ ఎందుకంటే ఇప్పుడు ఫ్లాట్ యజమానులు లీజు పొడిగించుకునేది ఆ 1993 చట్టం కిందే. హక్కు క్లుప్తంగా ఇది: మిగిలిన ఏళ్ళకి ఇంకో 90 ఏళ్ళు కలుస్తాయి, గ్రౌండ్ రెంట్ సున్నా అవుతుంది, దానికి ఫ్రీహోల్డర్‌కి ఒక ప్రీమియం కట్టాలి. సున్నా అని రాయరు, పెప్పర్‌కార్న్ అని రాస్తారు, అంటే మిరియపు గింజ. ఏడాదికి ఒక మిరియం అద్దె, అదీ అడిగితేనే.

అసలు గొడవంతా ఆ ప్రీమియం ఎంత అన్నదాని దగ్గరే. అదేమో మిగిలిన ఏళ్ళని బట్టి మారుతుంది, అందుకే ముందు ఎన్నేళ్ళు మిగిలాయో సరిగ్గా తెలియాలి, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. "99 ఇయర్స్ లీజ్" అని ప్రకటనలో ఉంటే అది మొదట్లో రాసింది, మీరు కొన్న రోజు నుంచి కాదు. ఫ్లాట్ 2007లో కట్టి 99 ఏళ్ళకి రాసి ఉంటే 2026కి మిగిలేది 80. కౌన్సిల్ ఫ్లాట్ల (స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చేవి) సంగతి ఇంకా గమ్మత్తు. థాచర్ టైమ్‌లో 1980 చట్టంతో రైట్ టు బై కింద కౌన్సిల్ అద్దెదార్లకి ఫ్లాట్లు అమ్మినప్పుడు మామూలుగా 125 ఏళ్ళ లీజులు ఇచ్చారు, 1983లో రాసింది అయితే 2108లో అయిపోతుంది, అంటే 2026లో 82 ఏళ్ళు. పైగా ఒకే బ్లాక్‌లో మొదట అమ్మిన ఫ్లాట్ లీజు ఎప్పుడు ముగుస్తుందో తర్వాత అమ్మినవాటికి కూడా అదే ముగింపు తేదీ పెట్టే వీలుంది, కాబట్టి పక్కావిడ 1995లో కొన్నా ఆమెకీ 2108 ఉండొచ్చు. గదులు పెద్దవి, రేటు తక్కువ అని మనవాళ్ళు ఈ ఎక్స్-కౌన్సిల్ ఫ్లాట్లు బాగానే కొంటారు. ల్యాండ్ రిజిస్ట్రీ సైట్‌లో కొద్ది పౌండ్లకి టైటిల్ రిజిస్టర్ కాపీ వస్తుంది, అందులో లీజు తేదీ, ఎన్నేళ్ళకి, ఎప్పటి నుంచి అనేది స్పష్టంగా ఉంటుంది. ఏజెంట్ మాట కంటే ఆ కాగితం నయం.

లీజు 80 ఏళ్ళ కిందికి పోతుందంటే ఓనర్లు హడలిపోతారు. ఆ 80 అనే అంకె మీద ఇంత భయం దేనికి? మార్ట్‌గేజ్ బ్యాంకులు ఏళ్ళు తగ్గేకొద్దీ మొహం చాటేస్తాయి అనేది ఒక కారణం, 70–80 కంటే కిందికి పోయిన ఫ్లాట్‌కి లోన్ దొరక్కపోతే కొనేవాళ్ళూ దొరకరు. కానీ అసలు కారణం చట్టంలో ఉన్న మ్యారేజ్ వాల్యూ. లీజు తక్కువున్న ఫ్లాట్‌కి విలువ తక్కువ, పొడిగించగానే విలువ లేస్తుంది, మీ హక్కూ ఫ్రీహోల్డర్ హక్కూ "పెళ్ళి" అవడం వల్ల పుట్టిన ఈ అదనపు విలువలో సగం ఫ్రీహోల్డర్‌కి ఇవ్వాలి. 2002 చట్టం దీన్ని సరిగ్గా సగం అని ఖాయం చేసింది, అలాగే 80 ఏళ్ళకి మించి మిగిలి ఉంటే ఇది లెక్కలోకే రాదు అంది. అంటే పెళ్ళి ఖర్చు మొత్తం మనది, కట్నంలో సగం వాళ్ళది.

ఒక లెక్క వేసి చూస్తే గానీ దీని పదును తెలియదు. పూర్తి లీజు ఉంటే 3 లక్షల పౌండ్లు పలికే ఫ్లాట్, ఏటా 100 పౌండ్ల గ్రౌండ్ రెంట్, అది పెరగదు అనుకుందాం. ఫ్రీహోల్డర్ పోగొట్టుకునేవి రెండు. ఒకటి ఆ వంద పౌండ్ల అద్దె, ఏడాదికి 6 శాతం లెక్కన ఇప్పటి విలువకి తెస్తే సుమారు 1,650. రెండోది లీజు అయిపోయాక ఫ్లాట్ తిరిగి చేతికొచ్చే హక్కు. 82 ఏళ్ళ తర్వాత వచ్చే 3 లక్షలకి ఇవాళ విలువెంత? 5 శాతం చొప్పున వెనక్కి లెక్కేస్తే 5,500 పౌండ్లు కూడా ఉండదు. ఆ 5 శాతం ఎవరో ఊహించి పెట్టింది కాదు, 2006లో స్పోర్టెల్లి కేసులో ట్రిబ్యునల్ ఫ్లాట్లకి ఖాయం చేసింది, అప్పట్నుంచి దాదాపు అందరూ అదే వాడతారు. మొత్తం కలిపి 82 ఏళ్ళు మిగిలి ఉంటే ప్రీమియం సుమారు 7,100 పౌండ్లు. 80 ఏళ్ళ ఒక్క రోజు మిగిలి ఉంటే సుమారు 7,600. ఇక రెండు రోజులు ఆలస్యమైందనుకోండి, మ్యారేజ్ వాల్యూ లోపలికొస్తుంది. 80 ఏళ్ళ లీజు ఉన్న ఫ్లాట్ పూర్తి లీజు ఫ్లాట్‌లో 92 శాతం పలుకుతుంది అనుకుంటే ఆ 24,000 తేడాలోంచి పై 7,600 తీసేయగా మిగిలినదాంట్లో సగం ఇంకో 8,200 దాకా అవుతుంది, మొత్తం 15,800. ఇల్లు మారలేదు, ఏరియా మారలేదు, క్యాలెండర్‌లో ఒక కాగితం చిరిగింది అంతే. అదే 60 ఏళ్ళకి దిగిపోయి, విలువ 80 శాతానికి పడిందనుకుంటే ప్రీమియం 38,700 దాటుతుంది. ఆ 92, 80 శాతాలనే రెలటివిటీ అంటారు, ఇళ్ళకి విలువ కట్టే సర్వేయర్లు కొట్టుకునేది ఎక్కువగా వీటి మీదే, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో గ్రాఫ్ ఉంటుంది. ఇది కాక ఇప్పటి పద్ధతిలో ఫ్రీహోల్డర్ సర్వేయర్ ఫీజు, సాలిసిటర్ (వకీలు) ఫీజు కూడా న్యాయంగా అయినంత వరకు మనమే కట్టాలి, మన సొంత సర్వేయర్, సాలిసిటర్ ఎలాగూ ఉంటారు. అవతలివాడి వకీలుకి కూడా మన జేబులోంచే అన్నమాట.

గ్రౌండ్ రెంట్ పెరిగే రకం అయితే ఈ లెక్క ఇంకా ముదురుతుంది. 250 పౌండ్లతో మొదలై పదేళ్ళకోసారి డబుల్ అయ్యే లీజులు ఒకప్పుడు బాగా అమ్మేశారు, వినడానికి చిన్నదే, 50 ఏళ్ళకి అది ఏడాదికి 8,000. ఫ్రీహోల్డర్ వదులుకునే అద్దె అంత పెద్దది కాబట్టి ప్రీమియం కూడా దాన్ని పట్టుకుని పైకి పోతుంది. 2022 జూన్ 30 నుంచి రాసే కొత్త లీజుల్లో గ్రౌండ్ రెంటే ఉండకూడదని చట్టం వచ్చింది, పాత లీజులకి మాత్రం అది వర్తించదు.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న: కొత్త చట్టం వస్తోందట కదా, ఆగితే మంచిదా? కొత్త చట్టం వస్తోంది కాదు, వచ్చేసింది, 2024 మే 24న రాజముద్ర కూడా పడింది. అందులో మ్యారేజ్ వాల్యూ రద్దు, 90 బదులు 990 ఏళ్ళు, ప్రీమియం లెక్కలో గ్రౌండ్ రెంట్‌ని ఇంటి విలువలో 0.1 శాతం దగ్గర ఆపడం, ఫ్రీహోల్డర్ ఖర్చులు చాలావరకు మన నెత్తిన పడకపోవడం, ఇలా అన్నీ ఉన్నాయి. కానీ కాగితం మీదే. ఒక్కో భాగం అమల్లోకి రావాలంటే ప్రభుత్వం విడిగా నిబంధనలు తేవాలి. వచ్చినవాటిలో ముఖ్యమైంది ఒకటి, 2025 జనవరి 31 నుంచి రెండేళ్ళు ఓనర్‌గా ఉంటేనే లీజు పొడిగించమని నోటీసు ఇవ్వాలి అనే పాత రూల్ పోయింది. లెక్క మార్చే భాగం మాత్రం 2025 ముగిసేసరికి కూడా రాలేదు. ఈలోపు ఫ్రీహోల్డర్లు మళ్ళీ మానవ హక్కుల మాటెత్తుకుని హైకోర్టుకెళ్ళారు, వెళ్ళినవాళ్ళలో మళ్ళీ గ్రోవ్‌నర్ వాళ్ళు కూడా ఉన్నారు, 2025 అక్టోబర్‌లో మళ్ళీ ఓడిపోయారు.

అయినా ఆగాలా వద్దా అన్నది వార్తలు చూసి తేల్చుకునేది కాదు, మీ లీజులో ఏళ్ళు చూసి తేల్చుకునేది. ఇప్పటికే 80 కిందికి పోయినవాళ్ళకి ఆగడంలో నిజంగా లాభం ఉంది, పై లెక్కలో 60 ఏళ్ళ ఫ్లాట్‌కి మ్యారేజ్ వాల్యూ తీసేస్తే 38,700 కాస్తా పద్దెనిమిది వేల లోపుకి వస్తుంది. ఏడాది ఆగితే పెరిగేది వెయ్యి పౌండ్ల పైచిలుకు, మిగిలే అవకాశం ఇరవై వేలు. అమ్మాల్సిన తొందర, రీమార్ట్‌గేజ్ తొందర లేకపోతే ఆగడం పిచ్చితనం కాదు. 81, 82లో ఉన్నవాళ్ళ పరిస్థితి వేరు. వాళ్ళకి ఇవాళ మ్యారేజ్ వాల్యూ లేనే లేదు, కాబట్టి అది రద్దయితే వాళ్ళకి కొత్తగా ఒరిగేది లేదు, ఆగుతూ ఆగుతూ కొత్త నిబంధనలు రాకముందే 80 దాటి కిందికి జారిపోతే మాత్రం పాత చట్టం నోట్లో పడతారు. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. కొత్త పద్ధతిలో ఆ 5 శాతం రేటుని ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. అది ఎంత పెడతారన్న దాని మీద అంతా మారిపోతుంది, ఎందుకంటే 82 ఏళ్ళ ఫ్లాట్‌కి 5 శాతంతో 5,500 అయిన ముక్క 4 శాతంతో వేస్తే 12,000 అవుతుంది. ఒక్క శాతం తగ్గితే రెట్టింపు పైనే. కాబట్టి 80 పైన ఉన్నవాళ్ళకి కొత్త చట్టం ఖచ్చితంగా చవక అని ముందే అనుకోవడం కుదరదు, 990 ఏళ్ళు వస్తాయి నిజమే గానీ 172 ఏళ్ళతోనే మనవళ్ళ మనవళ్ళ దాకా గడిచిపోతుంది.

పద్ధతి ఎలా ఉంటుందంటే, ముందు లీజు ఎక్స్‌టెన్షన్లు చేసిన అనుభవం ఉన్న సర్వేయర్‌తో లెక్క కట్టించాలి, తర్వాత సాలిసిటర్ ఆ 1993 చట్టంలోని సెక్షన్ 42 నోటీసు ఫ్రీహోల్డర్‌కి పంపిస్తారు, అందులో మనం ఇవ్వాలనుకునే ప్రీమియం రాయాలి, బేరం కదా అని మరీ నామమాత్రంగా రాస్తే నోటీసే చెల్లకుండా పోవచ్చు. ఈ నోటీసు తేదీ చాలా ముఖ్యం, లెక్కలన్నీ ఆ రోజుకే ఆగిపోతాయి, 80 ఏళ్ళ మీద పదిరోజులు ఉండగా నోటీసు చేరితే బేరం ఏడాది నడిచినా మ్యారేజ్ వాల్యూ రాదు. ఫ్రీహోల్డర్‌కి జవాబివ్వడానికి కనీసం రెండు నెలలు ఇవ్వాలి, ఆ జవాబుని కౌంటర్ నోటీసు అంటారు. మనం పెట్టిన ప్రీమియంలో పది శాతమో 250 పౌండ్లో, ఏది ఎక్కువైతే అది డిపాజిట్ అడిగే హక్కు కూడా వాళ్ళకుంటుంది. గడువులోగా కౌంటర్ నోటీసు ఇవ్వకపోతే మన అదృష్టం, కోర్టుకెళ్తే మనం నోటీసులో రాసిన రేటుకే లీజు వస్తుంది. ఇస్తే బేరాలు. కుదరకపోతే కౌంటర్ నోటీసు వచ్చిన రెండు నెలల తర్వాత, ఆరు నెలల లోపు ట్రిబ్యునల్‌కి అప్లై చెయ్యాలి, చాలా కేసులు అక్కడి దాకా వెళ్ళినా విచారణకి ముందే సర్దుకుంటాయి. ఆ ఆరు నెలల తేదీ గానీ మర్చిపోతే నోటీసు వెనక్కి తీసుకున్నట్టే, మళ్ళీ పన్నెండు నెలలు ఆగాలి, ఆ లోపు 80 కిందికి పోతే ఇక చెప్పేదేముంది. ఫ్రీహోల్డర్ అడ్రసే దొరక్కపోతే కోర్టు ద్వారా చేసుకునే దారి కూడా ఉంది.

కొత్తగా కొనేవాళ్ళు ఒకటి చూసుకోవాలి. రెండేళ్ళ రూల్ పోయినా నోటీసు ఇవ్వాలంటే ల్యాండ్ రిజిస్ట్రీలో మీ పేరు ఎక్కాలి, కొన్న తర్వాత అది ఎక్కడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది. 80కి దగ్గర్లో ఉన్న ఫ్లాట్ అయితే పాత ఓనర్ చేతే నోటీసు ఇప్పించి, అమ్మకంతో పాటు ఆ నోటీసు హక్కుని కూడా మీ పేరు మీదకి రాయించుకోవడం ఇప్పటికీ మంచి పద్ధతే.

కొంతమందికి ఫ్రీహోల్డరే ముందుగా ఉత్తరం రాస్తాడు, ఈ నోటీసులూ ట్రిబ్యునళ్ళూ ఎందుకు, మనలో మనం మాట్లాడుకుందాం, లీజుని మళ్ళీ 125 ఏళ్ళు చేసేస్తాం, ఇంత కట్టండి అని. తొందరగా అయిపోతుంది, ఫీజులు తక్కువ, అన్నిసార్లూ మోసం కాదు. కానీ 82 ఉన్నదాన్ని 125 చేస్తే వచ్చింది 43 ఏళ్ళే, చట్టం దారిలో 90 వచ్చేవి. రెండో మెలిక గ్రౌండ్ రెంట్‌ది. 2022 చట్టం వల్ల కొత్తగా కలిసిన ఏళ్ళకి అద్దె పెట్టలేరు గానీ పాత లీజులో మిగిలిన ఏళ్ళ పాటు పాత అద్దె అలాగే కొనసాగించే వీలుంది, అంటే మీరు బతికున్నంత కాలం కడుతూనే ఉండొచ్చు, పైగా అది డబుల్ అయ్యే రకం అయితే రేపు కొనేవాడి బ్యాంకు దాన్నే పట్టుకుంటుంది. ఇంకా ఇలాంటి ఆఫర్‌కి చట్టబద్ధమైన గడువు ఏమీ ఉండదు, బేరం నడుస్తుండగానే 80 కిందికి పోయిందనుకోండి, రేటు మార్చేసినా అడగడానికి లేదు. అందుకే మాటలు నడుస్తున్నా పక్కన సెక్షన్ 42 నోటీసు ఇచ్చి ఉంచడం తెలివైన పని.

అందరూ కలిసి బిల్డింగ్ ఫ్రీహోల్డే కొనేసే దారి కూడా ఉంది, కనీసం సగం ఫ్లాట్ల వాళ్ళు కలవాలి, రెండే ఫ్లాట్లు ఉంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. అలా కొన్నవాళ్ళు షేర్ ఆఫ్ ఫ్రీహోల్డ్ అని గొప్పగా చెప్పుకుంటారు, చెప్పుకోవాల్సిందే. కాకపోతే ఫ్రీహోల్డ్‌లో వాటా వచ్చినంత మాత్రాన ఫ్లాట్ లీజు దానంతటదే పెరగదు, అది అలాగే ఏడాదికి ఏడాది తరుగుతూ ఉంటుంది. పొడిగింపు కాగితం అందరూ కలిసి విడిగా రాసుకోవాలి, ప్రీమియం లేకుండానే రాసుకోవచ్చు. ఇది చెయ్యడం మర్చిపోయి, పదిహేనేళ్ళ తర్వాత అమ్మబోతే కొనేవాడి సాలిసిటర్ "లీజు 71 ఏళ్ళే ఉందే" అని రాసేసరికి, అప్పుడు మిగతా వాటాదార్ల సంతకాల కోసం ఒకరు దుబాయ్‌లో, ఒకరు మనవరాలి దగ్గర గుంటూరులో ఉంటే వెతుక్కోవాల్సి వస్తుంది.